ఎన్ని అని అడుగుతావా, ఎంత అని అడుగుతావా?

"మేడమ్‌కు నమస్కారం. మాది నెల్లూరు జిల్లా అల్లూరు మండలంలో ఒక పల్లె. డిగ్రీ దాకా తెలుగు మీడియంలోనే చదివాను. ఎనిమిది నెలలుగా ఇంట్లోనే ఉండి, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే ఎస్ఎస్‌సీ సీజీఎల్ పరీక్షకు తయారవుతున్నాను. లెక్కలు, రీజనింగ్ పర్వాలేదు. ఇంగ్లీషులో మచ్, మెనీ, ఫ్యూ, లిటిల్ లాంటి మాటలు వచ్చే 'తప్పు కనిపెట్టండి' ప్రశ్నల దగ్గరే దెబ్బ తింటున్నాను. నిన్న 20 చేస్తే 11 తప్పులు. అందులో నాలుగు రాస్తున్నాను. 'హౌ మచ్ బ్యాగ్స్ ఆఫ్ ఫీడ్ డు యు నీడ్' అనే వాక్యంలో తప్పేమీ లేదనుకున్నాను. 'హి హ్యాజ్ ఫ్యూ ఫ్రెండ్స్, సో హి ఈజ్ నెవర్ లోన్లీ' కూడా సరిగ్గానే ఉందనిపించింది. 'ద నంబర్ ఆఫ్ ప్యాసింజర్స్ ఆర్ ఇంక్రీజింగ్' లో తప్పు దొరకలేదు. 'అవర్ విలేజ్ ఈజ్ లెస్ దాన్ టెన్ కిలోమీటర్స్ ఫ్రమ్ ద సీ' లో లెస్ తప్పని గీత కొట్టాను, తీరా చూస్తే అది సరైనదేనట. రూల్స్ అన్నీ బట్టీ పట్టాను మేడమ్. పేపర్ ముందు కూర్చుంటే టెన్షన్‌లో అన్నీ కలగాపులగం అయిపోతున్నాయి. 'చిన్నప్పుడే ఇంగ్లీషు మీడియంలో వెయ్యాల్సింది, ఇప్పుడేం లాభం' అంటాడు మా మామయ్య. నాన్న రొయ్యల గుంటల దగ్గర పని చేస్తాడు. అప్పు చేసైనా నెల్లూరులో కోచింగ్‌లో చేరుస్తానంటున్నాడు. ఏం చెయ్యమంటారు?"

అమ్మాయీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోచింగ్ సంగతి చివర్లో చెబుతాను. ముందు ఆ నాలుగు వాక్యాల పని పడదాం, ఎందుకంటే నీ ఇబ్బంది మొత్తం వాటిలోనే ఉంది.

నాన్న రొయ్యల గుంటల దగ్గర పని చేస్తాడని రాశావు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. పట్టుబడికి ముందు వల విసిరి, పైకొచ్చిన రొయ్యల్లో ఒక కిలో తూచి, ఒక్కొక్కటీ లెక్కపెడతారు. 60 వస్తే 60 కౌంట్, 100 వస్తే 100 కౌంట్. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. ఈ లెక్క మీ ఇంట్లో అందరికీ తెలుసు. అదే గట్టు మీద మేతను మాత్రం ఎవరూ గింజ గింజగా లెక్కపెట్టరు, తూకం వేస్తారు. రొయ్యల్ని "ఎన్ని" అంటారు, మేతను "ఎంత" అంటారు. ఇంగ్లీషులో మెనీ, మచ్ అనే రెండు మాటల మధ్య తేడా ఇంతే. ఎన్ని అని అడగాల్సిన చోట మెనీ, ఫ్యూ, ఫ్యూయర్. ఎంత అని అడగాల్సిన చోట మచ్, లిటిల్, లెస్. నువ్వు పుట్టినప్పటి నుంచీ ఈ తేడాను ఒక్కసారి కూడా తప్పకుండా వాడుతూనే ఉన్నావు. "ఎంత రొయ్యలు" అని నీ నోట ఎప్పుడూ రాదు.

మరి తప్పెక్కడ వస్తోంది? "చాలా" అనే మాట దగ్గర. చాలా పని, చాలా మంది, చాలా డబ్బు, చాలా పుస్తకాలు... అన్నిటికీ మనకు ఒకటే మాట సరిపోతుంది. తెలుగులో ఆలోచించి "చాలా" అనుకుని ఇంగ్లీషులోకి వెళ్తే, అక్కడ రెండు తలుపులు కనబడి ఏది తియ్యాలో తెలియక ఆగిపోతాం. అందుకే "చాలా" దగ్గరి నుంచి వెళ్లొద్దు. ఆ మాటను ప్రశ్నగా మార్చుకో. ఎన్ని? ఎంత? ఏది నోటికి వస్తే ఆ తలుపు తియ్యి.

ఇప్పుడు నీ మొదటి వాక్యం చూడు. ఫీడ్ అనే మాట కనబడగానే, మేత కదా, లెక్కపెట్టలేం కదా అని మచ్ సరైనదే అనుకున్నావు. కానీ మచ్ తర్వాత ఉన్నది ఫీడ్ కాదు తల్లీ, బ్యాగ్స్. మేత ఎంత అంటాం, మేత బస్తాలు ఎన్ని అంటాం. కాబట్టి హౌ మెనీ బ్యాగ్స్ ఆఫ్ ఫీడ్. వడ్ల బేరంలో కూడా ఇంతే. ప్యాడీకి మచ్, కానీ పుట్లకు మెనీ. మన నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. ఆ పుట్లను ఒకటి, రెండు అని లెక్కపెడతాం. గ్లాసు, లీటరు, కిలో, బస్తా, పుట్టి... కొలత వచ్చి ముందు నిలబడితే లెక్క కొలతకే.

ఇంతవరకూ తెలుగు మనకు తోడుంది. ఒక చోట మాత్రం దారి తప్పిస్తుంది. ఆ సంగతి నాకు ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు పేపర్లో "ద మిల్క్ ఆర్ బాయిలింగ్" అని రాశాడు. ఎర్ర సిరాతో కొట్టేసి ఈజ్ అని రాసి ఇచ్చాను. తర్వాతి పరీక్షలో మళ్లీ అదే. అజాగ్రత్త అనుకుని గట్టిగానే కోప్పడ్డాను. ఆ సాయంత్రం ఇంట్లో పేపర్లు దిద్దుకుంటుంటే, పెరట్లో ఉన్న మా అమ్మ "పాలు పొంగుతున్నాయే, చూడు!" అని కేకేసింది. లేచి వెళ్లి స్టవ్ తగ్గించాను. గిన్నె అంచు దాకా వచ్చిన నురగ మెల్లగా కిందికి దిగుతోంది. గరిటె చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. పొంగుతున్నాయి! పొంగుతోంది అనలేదు అమ్మ. ఎవరూ అనరు. తెలుగులో పాలు బహువచనం. ఆ పిల్లవాడు తనకు తెలిసిన భాషను అక్షరం పొల్లుపోకుండా ఇంగ్లీషులో పెట్టాడు. మర్నాడు బడికి వెళ్లి, వాడిని పిలిచి, నువ్వు రాసింది ఎందుకు తప్పో నేను సరిగ్గా చెప్పలేదురా అని చెప్పాను. వాడు మళ్లీ ఆ తప్పు చెయ్యలేదు.

పాలు పొంగుతాయి, నీళ్లు వస్తాయి, బియ్యం ఉడుకుతాయి, వడ్లు ఎండుతాయి, డబ్బులు ఉంటాయి లేదా ఉండవు. ఇవన్నీ మనకు బహువచనాలే. "బియ్యానికి ఎన్ని నీళ్లు పొయ్యాలి?", "కాసిన్ని పాలు పొయ్యవే" అని కూడా అంటాం. ఇక్కడ మన "ఎన్ని" పరీక్ష పనిచెయ్యదు. ఇలాంటి మాట ఎదురైతే ముందు "ఒక" పెట్టి చూడు. ఒక పాలు, ఒక నీళ్లు, ఒక బియ్యం అంటామా? అనం. అంటే మనం కూడా వీటిని నిజంగా లెక్కపెట్టడం లేదు, పేరుకే బహువచనం. ఇంగ్లీషులో ఇవి మచ్ వైపు వెళ్తాయి, క్రియ ఈజ్. నోట్లు ఒక్కొక్కటీ ఎంచినా సరే, మనీకి మచ్చే.

అయితే "ఒక" పరీక్షకు కూడా లొంగని మాటలు కొన్ని ఉన్నాయి. ఒక సలహా, రెండు సలహాలు అంటాం. ఒక నగ, నాలుగు నగలు. ఒక వార్త, పది వార్తలు. ఇంగ్లీషులో అడ్వైస్, జ్యూలరీ, న్యూస్ మూడూ లెక్కకు రాని మాటలు. ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్, లగేజ్, ఎక్విప్‌మెంట్, మెషినరీ, సీనరీ, ట్రాఫిక్, హోమ్‌వర్క్, నాలెడ్జ్ కూడా అంతే. తల మీద జుట్టు అన్న అర్థంలో హెయిర్ కూడా. వీటికి చివర కొత్తగా ఎస్ తగిలించి ఉన్నా (న్యూస్‌లో ఉన్న ఎస్ ఆ మాటలోదే), ముందు మెనీ ఉన్నా, యాన్ అని ఉన్నా తప్పు అక్కడే. ఈ పదమూడు మాటల్ని మాత్రం బట్టీ పట్టు. ఇంకేదీ బట్టీ పట్టొద్దు. ఒకటి అని చెప్పాల్సి వస్తే ఎ పీస్ ఆఫ్ అడ్వైస్ అంటారు. వీటన్నిటిలో మనవాళ్లు ఎక్కువగా జారేది వర్క్ దగ్గర. "నాకు చాలా పనులున్నాయి" అనేది నోట్లో ఉంటుంది కాబట్టి ఐ హ్యావ్ మెనీ వర్క్స్ అని వచ్చేస్తుంది. మచ్ వర్క్ అనో, ఎ లాట్ ఆఫ్ వర్క్ అనో రావాలి. వర్క్స్ అనే మాట ఇంగ్లీషులో ఉంది గానీ, అది రచయితల రచనలకు, రోడ్ల పనులకు, కర్మాగారాలకు వాడతారు.

ఇక నీ రెండో వాక్యం. ఫ్యూ, ఎ ఫ్యూ. లిటిల్, ఎ లిటిల్. ఎ అనే ఒక్క అక్షరం అర్థాన్ని తిరగేస్తుంది. నాలుగింటికీ గైడ్లలో "కొన్ని, కొంచెం" అని రాసి వదిలేస్తారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఆ అర్థంతో ఏ పిల్లకూ తేడా తెలియదు. మన వాక్యం చివర్లో ఏం వస్తుందో చూడు. "చెరువులో నీళ్లు పెద్దగా లేవు" అంటే లిటిల్ వాటర్. "చెరువులో కాసిన్ని నీళ్లున్నాయి" అంటే ఎ లిటిల్ వాటర్. చెరువు అదే, నీళ్లూ అవే. మొదటి మాట అన్నవాడు నారు పొయ్యడు, రెండో మాట అన్నవాడు ధైర్యం చేస్తాడు. తెలుగులో "లేవు, లేదు, లేరు" అని ముగిస్తే ఎ ఉండదు. "ఉన్నాయి, ఉంది, ఉన్నారు" అని ముగిస్తే ఎ ఉంటుంది.

హి హ్యాజ్ ఫ్యూ ఫ్రెండ్స్ అంటే అతనికి పెద్దగా స్నేహితులు లేరని. లేనివాడికి ఒంటరితనం ఎందుకు రాదు? వాక్యం రెండో సగంలో నెవర్ లోన్లీ అంది కాబట్టి మొదటి సగంలో ఎ ఫ్యూ ఉండాలి. ఈ రకం ప్రశ్నల్లో ఫ్యూ దగ్గరే చూస్తూ కూర్చుంటే తప్పు కనబడదు. కామా తర్వాత ఏముందో, సో ఉందా, బట్ ఉందా చూడాలి.

ఇదే కుటుంబంలో ద లిటిల్, ద ఫ్యూ కూడా ఉన్నాయి. వాటికి మన భాషలో ఎంత చక్కటి మాట ఉందో చూడు: "ఉన్న ఆ కాస్త". "ఉన్న ఆ కాస్త డబ్బూ ఆసుపత్రికే అయిపోయింది" అంటాం కదా, అదే ద లిటిల్ మనీ. ఓన్లీ వచ్చినప్పుడు సాధారణంగా ఎ కూడా వస్తుంది: ఓన్లీ ఎ ఫ్యూ. వెరీ వస్తే రాదు: వెరీ ఫ్యూ. క్వైట్ ఎ ఫ్యూ అనేది మాత్రం చూడ్డానికి కొద్ది అన్నట్టుంటుంది గానీ, దాని అర్థం "చాలానే" అని. ఎనీ గురించి ఒక్క మాట: "ఏవీ లేవు, ఏమీ లేదు" అన్నప్పుడు నాట్ పక్కన ఎనీ. కాఫీ తాగుతారా అని మర్యాదగా అడిగేటప్పుడు ప్రశ్నే అయినా సమ్.

మూడో వాక్యం దగ్గర నీ చెవిని నమ్ము. "ప్రయాణికుల సంఖ్య పెరుగుతోంది" అంటావా, "పెరుగుతున్నారు" అంటావా? పెరుగుతోంది. సంఖ్య ఒకటే, అందుకే ద నంబర్ ఆఫ్ ప్యాసింజర్స్ ఈజ్. అదే ఎ నంబర్ ఆఫ్ ప్యాసింజర్స్ అంటే "చాలామంది ప్రయాణికులు". చాలామంది వచ్చారు అంటాం కాబట్టి ఆర్. ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో పేపర్లలో పదే పదే కనిపిస్తుంది. వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ ఈజ్ కూడా ఇలాంటిదే. "నా స్నేహితుల్లో ఒకడు వచ్చాడు" అనే వాక్యంలో స్నేహితులు బహువచనం, వచ్చాడు ఏకవచనం. ఇంగ్లీషులోనూ సరిగ్గా అదే వరస. ఫ్రెండ్ అని ఉన్నా తప్పే, ఆర్ అని ఉన్నా తప్పే. ఎవ్రీ, ఈచ్ కూడా "ప్రతి పిల్లవాడూ వచ్చాడు" లాగే ఒంటరి క్రియతోనే నడుస్తాయి.

మోస్ట్ ఆఫ్, సమ్ ఆఫ్, హాఫ్ ఆఫ్, ఎ లాట్ ఆఫ్ వచ్చినప్పుడు మాత్రం క్రియ కోసం ఆఫ్ తర్వాతి మాటను చూడాలి. బస్తాల దగ్గర చెప్పింది ఇక్కడ వాడితే తప్పవుతుంది, జాగ్రత్త. "మేతలో చాలా భాగం తడిసిపోయింది", "రొయ్యల్లో చాలావరకు చచ్చిపోయాయి". తడిసిపోయింది, చచ్చిపోయాయి! మోస్ట్ ఆఫ్ ద ఫీడ్ ఈజ్, మోస్ట్ ఆఫ్ ద ప్రాన్స్ ఆర్. ఎ లాట్ ఆఫ్ తప్ప మిగతావి ఇలా ఆఫ్‌తో వచ్చినప్పుడు పేరు ముందు ద ఉందో లేదో కూడా చూసుకో. మోస్ట్ ఆఫ్ స్టూడెంట్స్ అని ఉంటే తప్పు. మోస్ట్ స్టూడెంట్స్ అన్నా ఒప్పే, మోస్ట్ ఆఫ్ ద స్టూడెంట్స్ అన్నా ఒప్పే.

నాలుగోది నువ్వు తెలివిగా ఆలోచించడం వల్ల పోయింది. కిలోమీటర్లు లెక్కపెడతాం కాబట్టి ఫ్యూయర్ రావాలనుకున్నావు. ఆలోచన సరైనదే. కానీ ఆ వాక్యం అడుగుతున్నది ఏమిటి? సముద్రం ఎంత దూరం అని. దూరం, డబ్బు, కాలం, బరువు... ఇవి అంకెల్లో చెప్పినా మొత్తంగా ఒక ముద్ద. ఎంత దూరం, ఎంత సొమ్ము, ఎంత సేపు, ఎంత బరువు అంటాం. కాబట్టి లెస్ దాన్ టెన్ కిలోమీటర్స్, లెస్ దాన్ ఫైవ్ హండ్రెడ్ రుపీస్. సూటిగా ఎన్ని కిలోమీటర్లు అని అడిగితే మాత్రం హౌ మెనీ కిలోమీటర్స్.

ఇప్పుడు ప్రాక్టీసు ఎట్టా చెయ్యాలో చెబుతాను. రోజుకు 20 చేస్తున్నావు, కీ చూసి మార్కులు వేసుకుంటున్నావు, మర్నాడు ఇంకో 20. ఇలా వంద రోజులు చేసినా ఆ 11 తప్పులు 11గానే ఉంటాయి. ప్రశ్నలు ఎనిమిదికి తగ్గించు. ఒక పాత నోటుబుక్కు తీసుకుని, తప్పు పోయిన ప్రతి వాక్యాన్నీ పూర్తిగా చేత్తో రాయి. దాని కింద సరైన జవాబు కాదు, నిన్ను ఏ మాట మోసం చేసిందో రాయి. "ఫీడ్ చూసి మోసపోయాను, బ్యాగ్స్ చూడలేదు." "నీళ్లు బహువచనం అనుకున్నాను." "కామా తర్వాత చదవలేదు." రెండు వారాలకు ఆ పుస్తకం తిరగేస్తే, నువ్వు చేసే తప్పులు నాలుగైదు రకాలకు మించి లేవని నీకే కనబడుతుంది. నా దగ్గర చదివిన పిల్లల పుస్తకాల్లో నేను ఎప్పుడూ చూసింది అదే. ఆ నాలుగైదింటి మీద కూర్చో.

వాక్యం చదివేటప్పుడు కూడా ఒక వరస పెట్టుకో. పరిమాణం చెప్పే మాట కనబడగానే దాని పక్కనున్న పేరు చూడు, తర్వాత దాని ముందు ఎ గానీ ద గానీ ఉందా చూడు, ఆఖరున క్రియ చూడు. మూడు చోట్లా ఏమీ దొరక్కపోతే వాక్యం ఆఖరి దాకా వెళ్లి అర్థం పొసుగుతోందా లేదా చూడు. అప్పటికీ దొరక్కపోతే "తప్పు లేదు" అనే జవాబు ధైర్యంగా పెట్టు. ఏదో ఒక తప్పు ఉండే తీరాలని వెతికి, సరైన మాటను కొట్టెయ్యడం వల్లే నీ లెస్ పోయింది. సీజీఎల్ తొలి దశలో ఇంగ్లీషుకు 25 ప్రశ్నలు, 50 మార్కులు. ఒక్కో తప్పు జవాబుకు 0.50 మార్కు కోత. ఊహించి పెట్టేదానికి ఆ అర మార్కు గుర్తుపెట్టుకో.

ఇంకొకటి. బజార్లో దొరికే గైడ్లలో కీలు కూడా కొన్నిసార్లు తప్పుగా ఉంటాయి. జవాబు నీకు ఎంత ఆలోచించినా పొసగకపోతే నీ మీద నువ్వు అనుమానపడే ముందు డిక్షనరీ తియ్యి. ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీలో నామవాచకాల పక్కన సి (కౌంటబుల్) గానీ యు (అన్‌కౌంటబుల్) గానీ ఉంటుంది, ఫోన్‌లో అయితే ఆ మాటలే పూర్తిగా ఉంటాయి. సి ఉంటే లెక్కపెట్టేది, యు ఉంటే లెక్కకు రానిది. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ల కోసమే ఆ గుర్తులు. జపాన్‌లో ఇంగ్లీషు చెప్పిన హార్న్‌బీ అనే మేష్టారు, ఆయన తోటివాళ్లు కలిసి ఆ డిక్షనరీని తయారుచేశారు. 1942లో మొదట అచ్చయిందీ టోక్యోలోనే. అక్కడి పిల్లలకూ నీకొచ్చిన ఇబ్బందే వచ్చింది. ఫోన్‌లో ఆ డిక్షనరీని డబ్బు కట్టకుండానే చూసుకోవచ్చు.

మీ మామయ్య మాట విని కుంగిపోవద్దు. ఇంగ్లీషు మీడియం పిల్లల పేపర్లు కూడా నేను దిద్దాను. మెనీ వర్క్స్, అడ్వైసెస్ వాళ్లూ రాస్తారు, ఎందుకంటే వాళ్ల ఇంట్లోనూ పాలు పొంగుతాయి.

కోచింగ్ మాటకొస్తే, ఈ ఒక్క విషయం కోసం నాన్న చేత అప్పు చేయించొద్దు. లెక్కలు, రీజనింగ్ పర్వాలేదని నువ్వే రాశావు. రెండు నెలలు నేను చెప్పినట్టు నోటుబుక్కు పెట్టి చూడు. అప్పటికీ 20లో 15 సరిగ్గా రాకపోతే అప్పుడు ఆలోచిద్దాం, అదీ హాస్టల్లో చేరకుండా ఇంటి నుంచే వారానికి ఒకట్రెండుసార్లు వెళ్లొచ్చే ఏర్పాటు ఏదైనా ఉందేమో చూసి. ఈ మాట నాన్నకు నువ్వే చెప్పు. నేను చెప్పానని కూడా చెప్పు.

ఇవాళ సాయంత్రం నాన్న గట్టు మీది నుంచి రాగానే గుంట సంగతులు అడుగు. కౌంట్ ఎంత వచ్చింది, మేత ఎన్ని బస్తాలు పడింది, నీళ్లు ఎంత మార్చారు, నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు ఎన్ని తిరిగాయి. ఆయన చెప్పింది చెప్పినట్టు పది ఇంగ్లీషు వాక్యాలు చేసి నాకు పంపు. దిద్ది తిరిగి పంపుతాను.